చక్రము మీది బటనులు

మన సంఘము వారు వెలువరించు సంచికలలో ఇంతవరకు నాయకరాజుల దానశాసనములను గూర్చియు, మన పూర్వులు ఈ కొంగునాటికి వచ్చిన త్రోవలను గూర్చియు పెద్దలు వ్రాసిన వ్యాసములు చదివితిని. వారి సరసన నిలువదగిన విద్య నాకు లేదు. ఎస్సెస్సెల్సీతో చదువు ముగించి, పందొమ్మిదవ యేట కోయంబత్తూరులోని ఒక నూలు మిల్లులో గుమాస్తాగా చేరి, ముప్పదితొమ్మిది సంవత్సరములు చిట్టాలు వ్రాసి, 2015లో విశ్రాంతి పొందినవాడను. కార్యదర్శిగారు “మీకు తెలిసినదేదైన వ్రాయుడు” అని బలవంతము చేయగా, నాకు ఈ సంవత్సరము క్రొత్తగా తెలిసినదానినే వ్రాయ సాహసించుచున్నాను. కంప్యూటరులో ఆడు మోటారు పందెపు ఆటకై ఇంటిలో చేసికొన్న చక్రము మీద ఏ బటను ఎచ్చట నుండవలెను అనునదే ఆ విషయము. చదువరులు నవ్వుదురు గాక. నేనును మొదట నవ్వితిని.

మా ఊరికి మోటారు మోజు నేడు పుట్టినది కాదు. జి.డి. నాయుడుగారు 1920లో ఒక మోటారు బండిని కొని పొల్లాచ్చి, పళనిల నడుమ ప్రయాణికులను చేరవేయుటతో ఆరంభించిన కథను మా తండ్రిగారు భోజనమువేళ చెప్పుచుండెడివారు. నా కాలములో కరివర్ధన్‌గారు మారుతి కారు ఇంజనుతో ఒంటి ఆసనపు పందెపు కార్లను కట్టించి, ఆ క్రీడను కుర్రవాండ్రకు కొంత చేరువకు తెచ్చిరి. ఆయన 1995లో గతించిరి. 2003లో చెట్టిపాళయము వద్ద ఏర్పడిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. 2005లో మా ఊరి నరైన్ కార్తికేయన్ ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడైనపుడు మిల్లు క్యాంటీనులో నెలల తరబడి అదియే ముచ్చట. కాని పందెపు కారు నెక్కుటకు కావలసిన ధనము గుమాస్తా ఇంటిలో ఉండదు గదా. మా కుమార్తె కొడుకు, పాలిటెక్నిక్కు చదువుకై మా ఇంటనే యున్నవాడు, అందుచేత తన పందెములను మా ముందరి గదిలోని బల్ల మీదనే నడుపుకొనుచున్నాడు.

ఆట తెలియనివారి కొఱకు రెండు మాటలు. కంప్యూటరు తెర మీద పందెపు బాట కనబడును. బల్లకు బిగించిన చక్రమును త్రిప్పినచో తెర మీది కారు తిరుగును. క్రింద పాదములకు యాక్సిలరేటరు, బ్రేకు ఉండును. చక్రము వెనుకనున్న పెట్టెలోని మోటారు, నిజమైన కారులో వలెనే, మలుపులందు చేతికి ఎదురుబలము చూపును. ఆ పెట్టెను మనుమడు ఒక స్నేహితుని యొద్ద పాతది కొనెను. దానితో వచ్చిన చక్రము వానికి నచ్చలేదు. ఉక్కడములోని పాత సామానుల అంగడిలో ఒక మారుతి 800 చక్రము సంపాదించి, నడిమి భాగము కోయించి, అచ్చట రెండు అరచేతులంత యాక్రిలిక్ పలకను బిగించెను. ఆ పలకకు రంధ్రములు చేసి బటనులు పెట్టవలెను. వాటి తీగెలన్నియు బొటనవ్రేలంత యుండు ఒక చిన్న బోర్డునకు చేరును. దాని పేరు ప్రో మైక్రో. యు.ఎస్.బి. తీగెతో తగిలించినపుడు అది తాను ఒక జాయ్‌స్టిక్కునని కంప్యూటరుతో చెప్పుకొనును. ఏ బటను అదిమిన ఏ ఆజ్ఞ పోవలెనో మనము వ్రాసి దానిలో ఎక్కింపవచ్చును. చక్రము ఇటునటు తిరుగునపుడు తీగె తెగకుండుటకై, వెనుకటి టెలిఫోను రిసీవరునకు ఉండెడి చుట్టల తీగె వంటిదానిని వాడు తగిలించెను.

ఇంతవరకు నాకు పని లేదు. ఒకనాటి సాయంకాలము వాడు ఒక కాగితము నా ముందుంచి, “తాతా, ఇరవై బటన్లు పెడతా ఉండాను. ఎట్లుండాది చూడు” అనెను. బటనులు ఐదు వరుసలుగా, వరుసకు నాలుగు చొప్పున, కవాతునకు నిలిచిన సిపాయిల వలె ఉండెను. అన్నియు నల్లనివి, అన్నియు ఒకే కొలతవి. చూచుటకు కడు అందము. “బాగున్నదిరా” అంటిని. ఆ మాటను ఈ వ్యాసములో వెనుకకు తీసికొనుచున్నాను.

గుమాస్తా బుద్ధి ఊరకుండదు. ఆ ఇరువదింటికి పనులేవి అని అడిగితిని. వాడు చెప్పిన పనులు ముప్పదియొకటి యయ్యెను. నేనొక పాత చిట్టా పుస్తకము తీసి మూడు గడులు గీసితిని: పని యేది, పందెములో ఎన్ని మారులు, ఏ సమయమున. ఏ సమయమున అనగా, మలుపులో చేతులు రెండును బిగించియున్నపుడా, తిన్నని బాటలోనా, కారు నిలిచియున్నపుడా అని. అప్పుడు వాడు ఆడుచుండిన ఆట 2019లో వెలువడిన అసెట్టో కోర్సా కాంపిటీజియోనే. దానిలో ఇటలీ దేశపు మోన్జా బాటలో ఇరువది చుట్లు నడుపుమని చెప్పి, ప్రక్కన కూర్చుండి గీతలు గీసితిని. ఆ బాట చుట్టు 5.793 కిలోమీటర్లు. ముప్పదియెనిమిది నిమిషములలో వాడు గేరు మార్చినవి ఆరువందలకు పైబడెను. వెనుకకు చూచినవి 41. ముందువానికి దీపము విసరినవి 17. బ్రేకు బలమును ముందు వెనుక చక్రముల నడుమ సవరించినవి 9. పిట్ లిమిటరు, అనగా కార్లను బాగుచేయు సందులో నిర్ణీత వేగమునకు మించి పోనీయని కట్టడి, 2. ఇంజను ఆరంభము 1. వాన తుడుపు ఒక్కమారును లేదు. ఆనాడు తెర మీద ఎండ కాసెను.

గీతలు చూచినమీదట వాని సిపాయి వరుసలు వానికే నచ్చలేదు. ఒకసారి కావలసినదియు నలుబదిసార్లు కావలసినదియు సమానమైన చోట కూర్చుండిరి గదా. ఆరువందలసార్లు కావలసిన గేరునకు మాత్రము బటను ఉంచలేదు; చక్రము వెనుక రెండు రేకులను వ్రేళ్ళకందునట్లు పెట్టి, వాటి వెనుక చిన్న స్విచ్చులను బిగించెను. ఈ ఏర్పాటు నిజమైన పందెములలో 1989లో వచ్చినదట. జాన్ బర్నార్డ్ అను రూపశిల్పి ఫెరారీ కారునకు అట్లు చేయగా, నైజెల్ మాన్సెల్ ఆ సంవత్సరపు మొదటి పందెమునే బ్రెజిలులో దానితో గెలిచెను. గేరుకఱ్ఱ కొఱకు చక్రమును విడువవలసిన అగత్యము దానితో తొలగెను. చేయి విడువకుండ పని జరుగుటయే ఈ శాస్త్రమంతయు అని నాకు అప్పటికి తోచెను. పిమ్మట ఇంకొకటి తెలిసెను, దానిని చెప్పెదను.

బొటనవ్రేలు ఎంతవరకు అందునో కొలుచుటకు నేనొక ఉపాయము చేసితిని. చక్రమును గడియారమనుకొన్నచో తొమ్మిది గంటల చోట ఒక చేయి, మూడు గంటల చోట ఒక చేయి ఉండును. వాని రెండు బొటనవ్రేళ్ళకు స్టాంపు ప్యాడు సిరా పూసి, పట్టు విడువకుండ పలక మీద ఇటునటు రాయుమంటిని. విసనకఱ్ఱ ఆకారముగ రెండు నీలి మరకలు పడెను. ఆ మరకలలో ప్రక్కకు మూడేసి బటనులకు మించి చోటు లేదు. తక్కినదంతయు పట్టు విడిచి చేరవలసిన పరాయి ప్రాంతము. నా చేతిముద్రలతో నిండిన ముప్పదితొమ్మిదేండ్ల ఉద్యోగములో ఆ ప్యాడు ఇంత ఉపయోగపడినది లేదని మా ఇంటివారు అనిరి.

తీగెల సంగతి చూచినపుడు నాకు మస్టరు రోలు జ్ఞాపకము వచ్చెను. ఆ బోర్డునకు పద్దెనిమిది కాళ్ళే కలవు. ఇరువది బటనులకు ఒక్కొక్కటిగ కాలు ఇచ్చినచో చాలదు. కావున వరుసలకు ఐదు తీగెలు, నిలువులకు నాలుగు తీగెలు లాగి, ప్రతి కూడలిలో ఒక బటను పెట్టుదురు. తొమ్మిది తీగెలతో ఇరువది బటనులు. బోర్డు ఒక్కొక్క వరుసను పిలిచి, నాలుగు నిలువులలో ఎవరు పలికిరో చూచుకొనును. మేము హాజరు వేసిన పద్ధతియే ఇది. అందులో ఒక మోసమును కలదు. చతురస్రపు మూడు మూలలలోని బటనులను ఒకేమారు అదిమినచో, ఎవరును తాకని నాలుగవ మూల కూడ పలికినట్లు కనబడును. విద్యుత్తు దొడ్డిదారిన తిరిగి వచ్చుటయే కారణము. పనికి రానివానికి హాజరు పడుట నేను మస్టరు రోలులలో చూచినదే గనుక నాకు ఆశ్చర్యము కలుగలేదు. మిల్లులో దానికి మందు దొరకలేదు గాని ఇచ్చట సులభముగ దొరకెను. విద్యుత్తును ఒక దిక్కునకే పోనిచ్చు చిన్న డయోడును ప్రతి బటనునకు కాపలా ఉంచినచో దొంగహాజరు పడదు.

ఒకసారి అదిమిన మూడుసార్లుగ లెక్కించుట ఇంకొక చిక్కు. లోహపు రేకులు తాకినపుడు కొన్ని మిల్లీసెకనులు అవి ఎగిరెగిరి పడును. మొదటి తాకిడి విన్నవెంటనే కొంచెము ఆగుమని బోర్డుతో చెప్పిన సరిపోవును. త్రిప్పెడి గుండ్లు రెండు పెట్టెను, బ్రేకు సవరణకొకటి, జారుడు అదుపునకొకటి. వాటిలో రెండేసి తాకుడులు ఉండును; ఏది ముందు పలికినదో దానిని బట్టి ఎటు త్రిప్పితిమో బోర్డు గ్రహించును. ఇద్దరు అధికారులలో ఎవరి సంతకము ముందు పడినదో చూచి కాగితము పైకి పోవుచున్నదా, క్రిందికి వచ్చుచున్నదా అని మేము చెప్పెడివారము. ఒక్కొక్క నొక్కును ఆట గమనించునంతసేపు పట్టి యుంచవలెను. తెర మీది బొమ్మ సెకనునకు అరువదిమారులు మారును. అంతకన్న పొట్టి ఆజ్ఞ దాని కంటబడక పోవచ్చును. నేనిది వ్రాయుచుండగా మనుమడు వచ్చి, “ఇవన్నీ ఎవరు చదువుతారు తాతా?” అని పోయెను.

ఇక అసలు సంగతి. పలక సగము సవరించిన స్థితిలోనే వాడు మిత్రులతో ఒక పందెమునకు దిగెను. వేర్వేరు ఊళ్ళలో, వారి వారి ఇండ్లలో కూర్చుండి ఇరువదిమంది ఒకే బాటలో నడుపుదురు. వాడు మూడవ స్థానమున ఉండెను. పిట్ సందులోనికి పోయి, చక్రములు మార్పించుకొని, వెలికి వచ్చునపుడు లిమిటరును తీసివేయవలెను. తీసివేయబోయి దాని ప్రక్కనే యున్న ఇంజను బటనును అదిమెను. రెండును నల్లనివే, ఒకే కొలతవే, నడుమ ఎడము వ్రేలి వెడల్పు లేదు. ఇంజను ఆగిపోయెను. ఏమి జరిగినదో తెలియక లిమిటరును రెండుమారులు అదిమి, తెలిసినపిదప ఇంజనును మరల తిప్పుకొని బయటపడునప్పటికి పదునొకండవ స్థానమునకు జారెను. పందెము ముగిసినపిదప చెవులకు పెట్టుకొన్నవి తీసి బల్లమీద ఉంచి, “నాదే తప్పు తాతా. నేనే అజాగర్తగా ఉండాను” అనెను.

ఆ మాట నాకు తగులరాని చోట తగిలెను. అది ఏలనో చెప్పవలెనన్న ఆట విడిచి మిల్లునకు పోవలెను.

1988లో నేను సామానుల స్టోర్సు విభాగములో గుమాస్తాను. డ్రాయింగు యంత్రములలో ఒకదాని ఆపు బటను పగిలెను. ఆపు బటను ఎఱ్ఱగ, పుట్టగొడుగు వలె పైకి పొంగి, గ్రుడ్డివాడు తడిమినను దొరకునట్లుండును. స్టోర్సులో ఎఱ్ఱది లేదు, నల్లనివి ఉండెను. ఎలక్ట్రీషియను తాత్కాలికముగ నల్లది బిగించుకొని, “ఎఱ్ఱ పుష్ బటను ఒకటి” అని ఇండెంటు చీటి వ్రాసి నా ట్రేలో వేసెను. కొద్ది రూపాయల వస్తువు. అట్టి చిన్న చీటులను ఒకటొకటిగ పై సంతకమునకు పంపినచో చీవాట్లు తప్పవు గనుక, నెలాఖరున అన్నిటిని కట్టగట్టి పంపుట మా ఆచారము. చీటి నా పేపర్‌వెయిట్ క్రింద పదునొకండు దినములు ఉండెను.

పండ్రెండవనాడు ఆ యంత్రపు రోలరునకు దూది చుట్టుకొనెను. యంత్రము నడుచుచుండగనే దానిని తీయబోయిన కార్మికుని చేతివ్రేళ్ళు లోనికి పోయెను. ఆ కేక విని ప్రక్కవాడు పరుగెత్తి బటను అదిమెను. యంత్రము ఆగలేదు. మరల అదిమెను. రెండు నల్ల బటనులలో అతడు అదిమినది ఆరంభపు బటను. మూడవసారి రెండవదానిని అదిమెను. అప్పటికి కుడిచేతి చూపుడువ్రేలును నడిమివ్రేలును పోయినవి. ఆ కార్మికుడు మా పెద్దమ్మ అల్లుడు, నాకు బావ. వానిని ఆ మిల్లులో చేర్చుటకు సిఫారసు చేసినవాడను నేనే.

నా దస్తూరి బాగుండునని ప్రమాదముల రిజిస్టరులో ఎక్కించుటకు నన్నే పిలిచిరి. కారణము అను గడిలో ఏమి వ్రాయవలెనో పైవారు చెప్పిరి. “కార్మికుని అజాగ్రత్త” అని వ్రాసితిని. అబద్ధమనుటకు లేదు. నడుచుచున్న యంత్రములో చేయి పెట్టరాదు. కాని ఆ గడిలో ఇంకను చోటుండెను. రెండు బటనులును నల్లనివని నాకు తెలియును. చీటి ఎచ్చట నున్నదో నాకు మాత్రమే తెలియును అని అనుకొంటిని. ఆ సాయంకాలమే చీటి సంతకమునకు పంపితిని. ఎఱ్ఱ బటను మూడవనాడు వచ్చెను.

మనుమని నోట ఆ మాట వినిన రాత్రి నేను చిట్టా పుస్తకము తీసి నాలుగవ గడి గీసితిని: పొరపాటున తాకిన నేమగును? మరునాడు ఇద్దరమును కూర్చుండి ముప్పదియొక్క పనులకును ఆ గడి నింపితిమి. దీపము పొరపాటున వెలిగిన ఏమియు కాదు. వెనుక చూపు పడిన అరసెకను బాట కనబడదు; మలుపులో అది చాలు కారు చెడుటకు. లిమిటరు తిన్నని బాటలో పడిన వెనుకవాడు వచ్చి గ్రుద్దును. ఇంజను ఆగిన పందెమే పోవును. ఎన్నిమారులు కావలెను అను గడియు, తాకిన నేమగును అను గడియు ఒక్కొక్కచోట పోట్లాడుకొనెను. తఱచు కావలసినది చేతికి దగ్గరగ రమ్మనును, ప్రమాదకరమైనది దూరముగ పొమ్మనును. లిమిటరు రెండును కోరునది. పిట్ సందు మొదట గీత దాటకముందే అది పడవలెను, గనుక దూరముగ ఉంచరాదు. చివరకు దానిని ఎడమ బొటనవ్రేలి మరక అంచున, పైన, పసుపుపచ్చని పెద్ద బటనుగ ఉంచి, చుట్టును ప్లాస్టిక్ కడియము బిగించితిమి. వ్రేలితో గ్రుచ్చినగాని దిగదు, అరచేయి రాచుకొన్న దిగదు.

ఇంజను కొఱకు వాడు విమానములలో వలె ఎఱ్ఱ మూత యున్న మీటను తెచ్చెను. మూత ఎత్తి మీట పైకి వేయుట చూడ సొంపుగనే యుండెను. కాని మీట ఒకసారి వేసిన వేసినట్లే నిలుచును. ఆట కోరునది ఒక్క నొక్కు. మీట పైకి ఉన్నంతసేపు బటను పట్టుకొన్నట్లే యగును. మీట కదలినప్పుడెల్ల చిన్న నొక్కు పంపునట్లు బోర్డులో వ్రాసిన ఆ చిక్కు తీరును గాని ఇంకొకటి వచ్చును. పందెము ఆరంభమునకే ఇంజను నడుచుచుండి, మన మీట క్రిందికి ఉన్నచో, పైకి వేసినపుడు ఇంజను ఆగును! చక్రము చెప్పునదొకటి, కారు చేయునదొకటి. చూపునకు అబద్ధమాడు మీట ఉండరాదని నేను పట్టుబట్టితిని. మూతను ఉంచి, మీట తీసి, లోపల మామూలు బటను పెట్టి, ఒక సెకను అదిమి పట్టినగాని ఆజ్ఞ పోకుండునట్లు వాడు వ్రాసెను. “ఏలా తాతా, అంత సేపు? కారు తిరిగి నిలిచిపోతే తొందరగా స్టార్టు చెయ్యాల కదా” అని వాదించెను. ఆ ఒక్క సెకను నా లెక్కలో వేసికొమ్మంటిని. దానిని పలక నడుమ, రెండు చేతులకును దూరముగ ఉంచితిమి.

ఇంతయు ముసలివాని చాదస్తమని వాడు అనుకొనియుండును గాని, తరువాత వాడే ఒక దృశ్యము చూపెను. 2021 జూనులో బాకూ నగరపు పందెము నడుమ ఆగి మరల ఆరంభమైన క్షణమున, అప్పటికే ఏడుమారులు ప్రపంచ విజేతయైన లూయిస్ హామిల్టన్ గేరు మార్చుచు పొరపాటున చక్రము మీది ఒక స్విచ్చును తాకెను. బ్రేకులను వేడిచేయుటకై బ్రేకు బలమును ముందు చక్రములకు మళ్ళించునది అది. మొదటి మలుపులో కారు తిరుగక నేరుగ పోయెను. ఆయన పదునైదవవాడై ముగించెను. అంతటివాని చేయియు రాచుకొనును. వాడు ఆ దృశ్యమును రెండుమారులు చూచి, పలక మీద గేరు రేకుల ప్రక్కనున్న రెండు బటనులను తానే పీకివేసెను.

బటనుల మీద అక్షరములు వ్రాయు భారము నాకు వచ్చెను. మనుమడు ఇంట తెలుగు మాటలాడును, అరవము, ఇంగ్లీషు చదువును, తెలుగు చదువనేరడు. ఇదే సందని వానకు వా, దీపమునకు దీ, వెనుకకు వె అని తెలుగులో వ్రాసి అంటించితిని. వాడు ముచ్చటపడి నాలుగు దినములలో ఆ పదునెనిమిది అక్షరములను నేర్చెను. కాని నడుపునపుడు ఒక్కటియు చదువలేదు. మన అక్షరములు గుండ్రనివి. కనురెప్పపాటులో ప కి వ కి మ కి భేదము తెలియదు. నిజము చెప్పవలెనన్న ఏ లిపియైనను అంతే. ఆ వేగములో చదువునది బొటనవ్రేలే. కావున కొన్నిటికి గరుకు కాగితపు ముక్కలు, ఒకదానికి మా ఇంటివారి చీర పూస అంటించితిమి. అక్షరములు మాత్రము తీయనీయలేదు. పందెము లేని వేళ వాడు వాటిని చూచి వ్రాసికొనుచున్నాడు.

మా బావ సింగానల్లూరులో ఉన్నాడు. ఆ ప్రమాదము పిదప అతనికి పరిహారము ఇచ్చి గేటు కాపలాకు మార్చిరి. ఇప్పుడు డెబ్బదిరెండేండ్లు. గత దీపావళికి వచ్చినపుడు మనుమడు అతనిని చక్రము ముందు కూర్చుండబెట్టెను. ఎడమచేయి బాగుగనే పట్టెను. కుడివైపు రేకును లాగవలసిన వ్రేళ్ళు లేవు గనుక గేరు పెరుగలేదు; ఇంజను అరచుచుండగా మొదటి గేరులోనే ఒక చుట్టు తిరిగి, నవ్వుచు దిగెను. మనుమడు నవ్వలేదు. వారము దినములలో చిట్టా పుస్తకములో క్రొత్త పుట తీసి, “పెద్దతాత” అని తలమీద తెలుగున వ్రాసి, నాలుగు గడులు గీసెను. ఎడమ రేకును తనవైపు లాగిన గేరు పెరుగును, బొటనవ్రేలితో ముందుకు త్రోసిన తగ్గును. బోర్డులో మిగిలిన ఐదు కాళ్ళలో ఒకటి దానికి చాలెను. కుడిచేయి చక్రమును పట్టుకొనుటకు మాత్రమే.

ఈ సంచిక బావ ఇంటికిని పోవును. అచ్చులో చూచి తెలిసికొనుట న్యాయము కాదని, ఈ వ్యాసమును కార్యదర్శిగారికి ఇచ్చుటకు ముందు సింగానల్లూరు పోయి, ఇండెంటు చీటి మాటయు, రిజిస్టరు మాటయు అతనితో చెప్పితిని. అతడు వక్కపలుకు నోట వేసికొని, “స్టోర్సులో ఉండింది నువ్వే కదా బామ్మర్దీ. ఎలక్ట్రీషియను అప్పుడే చెప్పినాడు” అనెను. ముప్పదియేడు సంవత్సరములుగ మా ఇంటి పెండ్లిండ్లలో నా ప్రక్కనే కూర్చుండి భోజనము చేసినవాడు. నేనేమియు అనలేకపోతిని. లేచునపుడు, ఆపు బటను ఏ రంగు పెట్టినాడో పిల్లవాని నడిగి రమ్మనెను.

ఎఱ్ఱది, పుట్టగొడుగు వంటిది, గాంధీపురములోని అంగడిలో దొరకెను. ఆదివారము దానిని బిగించెదము.